కర్ర వంతెనకు చప్పట్లు కొట్టడం ఆపుదాం

పోస్టు పెద్దదే. ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగం చదివి తిట్టకండి.

వానలు మొదలైన దగ్గర్నుంచి మన గ్రూపులో ఒకే రకం ఫొటోలు వస్తున్నాయి. కుర్రాళ్లు నడుం లోతు నీళ్లలో నిలబడి దుంగలు మోస్తుంటారు. ఆడవాళ్లు వెదురు చీల్చి తడికెలు అల్లుతుంటారు. చివరి ఫొటోలో అందరూ గెడ్డ మీద కట్టిన కొత్త కర్ర వంతెన మీద నిలబడి నవ్వుతుంటారు. కింద మనవాళ్లు రాసేవి మీకు తెలుసు. "శభాష్ తమ్ముళ్లూ." "ఎవరి మీదా ఆధారపడని జాతి మనది." "ప్రభుత్వం చెయ్యలేనిది మనోళ్లు చేసి చూపించారు." మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో అదే ఫొటో, పైన "శ్రమదానంతో వంతెన" అని హెడ్డింగు. ఆ వార్తలో ఒక్క ప్రశ్న ఉండదు: పోయినేడాది కట్టిన వంతెన ఏమైంది?

ఈ చప్పట్లకి నేను వ్యతిరేకం. కట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. మా నాన్న, మా మావయ్యలు ప్రతి ఏడూ కట్టేది అదే వంతెన. ఆ వంతెన మీంచి నడిచే నేను బడికెళ్లాను, ఇప్పుడు విశాఖలో హాస్టల్లో ఉండి సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని మొదట నేనే. కాబట్టి కర్ర వంతెన విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా గొడవల్లా, దాన్ని మనం గర్వంగా చూపించుకునే కొద్దీ, కాంక్రీటు వంతెన ఇవ్వాల్సినవాడు కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి కూర్చుంటున్నాడని.

ముందు రైలు వాళ్ల సంగతి చెప్తాను. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

మాకు క్లాసులో ట్రెసిల్ వంతెనల గురించి చెప్పారు. దుంగల్ని కాళ్లలా వరసలుగా నిలబెట్టి, అడ్డకర్రలు బిగించి, వాటి మీద పట్టాలు వేసిన రైలు వంతెనలవి. అమెరికాలో, కెనడాలో రైలు మార్గాలు వేసే రోజుల్లో పక్కనే అడవి ఉంది, ఉక్కు ఖరీదెక్కువ, తొందర ఎక్కువ. అందుకని లోయ వచ్చిన చోటల్లా కర్రతో కట్టుకుంటూ పోయారు. (ఆ అడవులు, ఆ నేల అక్కడి ఆదివాసులవి అని మనకి వేరే చెప్పాలా?) అయితే కట్టిన రోజే వాళ్లకి తెలుసు, ఇది తాత్కాలికం అని. రైలు నడిచి డబ్బులొచ్చాక చాలావాటిని మట్టితో, రాళ్లతో పూడ్చేశారు. మిగతా చోట్ల ఉక్కో కాంక్రీటో పెట్టారు. గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు మీద 1902-04 మధ్య సుమారు 19 కిలోమీటర్ల పొడవున కర్ర ట్రెసిల్ కట్టారు. 1959 నాటికి దాని పక్కనే రాళ్లతో కట్ట పోసి రైళ్లని దాని మీదికి మార్చేశారు. అంత గొప్ప వంతెన కదా, ఉంచుకుందాం అనలేదు.

ఇప్పటికీ అక్కడ కొన్ని దారుల్లో పాత కర్ర ట్రెసిళ్ల మీద రైళ్లు నడుస్తున్నాయి. కుళ్లకుండా క్రియోసోట్ అనే నూనె పట్టించిన దుంగలవి. వాటినీ ఒక్కోటిగా కాంక్రీటుకి మారుస్తూ వస్తున్నారు. మార్చే పద్ధతి వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. పాత కాళ్ల వరసల మధ్య ఖాళీలో కొత్త పైల్స్ దించుతారు. పైన రైలు నడుస్తూనే ఉంటుంది. స్లాబులు వేరే చోట పోసి తెచ్చి సిద్ధంగా పెట్టుకుంటారు. కొన్ని గంటలు మాత్రం రైళ్లు ఆపి, పాత కర్ర తీసి కొత్త స్లాబు కూర్చోబెడతారు. రైలు ఆగిన ప్రతి గంటకీ డబ్బు నష్టం, అందుకని అంత జాగ్రత్త. మన దగ్గరైతే ఏం చేస్తారో తెలుసు కదా. శంకుస్థాపన రోజు పాత వంతెన పీకేస్తారు, గొయ్యి తవ్వుతారు, బిల్లు రాలేదని కాంట్రాక్టరు వెళ్లిపోతాడు. ఆ వానాకాలం మొత్తం మనం గొయ్యినీ గెడ్డనీ రెండిటినీ దాటాలి.

ఇంకో వంతెన ఉంది. కెనడాలో వాంకూవర్ దీవిలో కిన్సోల్ ట్రెసిల్ అని. 1920లో పూర్తయింది. 44 మీటర్ల ఎత్తు, 187 మీటర్ల పొడవు, మొత్తం కర్ర. దాన్ని పడగొట్టకుండా బాగుచేసి 2011లో జనం నడవడానికి తెరిచారు, ఇప్పుడు అదొక వారసత్వ కట్టడం. "చూశావా, వాళ్లు కర్ర వంతెనని కాపాడుకున్నారు" అని ఎవరైనా నాతో అనబోయే ముందు ఒక తారీఖు చూడండి. దాని మీద చివరి రైలు 1979లో నడిచింది. దాని అవసరం తీరిపోయాక, దాని మీద ఎవరి బతుకూ ఆధారపడని రోజున అది వారసత్వం అయింది. మన గెడ్డ మీద ఇంకా గర్భిణులు దాటుతున్నారు. బియ్యం దాటుతున్నాయి. బడి పిల్లలు దాటుతున్నారు. ఇంకా వాడుకలో ఉన్న వంతెనని పట్టుకుని సంస్కృతి అనడం, అది కూడా ఏసీ గదిలోంచి వచ్చి ఫొటో తీసుకున్నవాళ్లు అనడం, నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు మన దగ్గరి రైలుకొద్దాం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్లే కేకే లైను మనలో సగం మంది చూసిందే. నేను సెలవులకి ఇంటికెళ్లేది ఆ కిరండూల్ ప్యాసింజర్లోనే. 1960లలో, బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి ఆ లైను వేశారు. అనంతగిరి ఘాట్లో కొండ తొలిచి తొలిచి వేశారు. లైను మొత్తం మీద యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకి బ్రాడ్‌గేజ్ ఎక్కించడం మాటలు కాదు. ఆ పని చేసిన ఇంజనీర్లకి, అందులో చెమటోడ్చిన కూలీలకి నేను దండం పెడతాను. ఇప్పుడు దాని పక్కన రెండో లైను. కొత్తవలస-కోరాపుట్ డబ్లింగ్ 2015-16లో మంజూరైంది. మళ్లీ సొరంగాలు, మళ్లీ వంతెనలు.

కొండ కష్టంగా ఉంది, ఇక్కడ కట్టడం కుదరదు అని ఆ లైను గురించి ఎవరైనా అన్నారా? ఖనిజానికి దారి కావాలంటే ఆ బోగీల్లో ఎంతమంది మనుషులు కూర్చుంటారని అడిగారా? ఎన్ని టన్నులు అని అడిగారు. అదే మన గెడ్డ మీద 15 మీటర్ల వంతెన అడిగితే మొదటి ప్రశ్న "మీ ఊళ్లో జనాభా ఎంత?" వానకి ఘాట్లో పట్టాల మీద బండరాళ్లు పడితే రాత్రికి రాత్రి మనుషులు, యంత్రాలు దిగిపోతాయి. అదే వానకి ఆ పట్టాలకి కొన్ని కిలోమీటర్ల దూరంలో మా వంతెన కొట్టుకుపోతే, నీళ్లు తగ్గాక మా నాన్న గొడ్డలి పట్టుకుని బయల్దేరతాడు. ఒకే వాన, ఒకే కొండ.

అసలు ఆ గొడ్డలి సంగతీ మాట్లాడుకోవాలి. మన తాతల నాటి వంతెనలు ఇప్పటికంటే ఎక్కువ ఏళ్లు నిలబడేవని పెద్దవాళ్లు చెప్తారు. నిజమే. అప్పుడు గుగ్గిలం, వేగిస, మద్ది లాంటి గట్టి కర్ర వేసేవారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి మన చేతిలోంచి వెళ్లింది. గుగ్గిలం, టేకు, దేవదారు దేశమంతా రైలు పట్టాల కింద స్లీపర్లయ్యాయి. ఆ రైల్వే ఇప్పుడు కాంక్రీటు స్లీపర్లకి మారిపోయింది. మనం మాత్రం ఇంకా కర్ర మీదే ఉన్నాం, అదీ మంచి కర్ర కాదు. మద్ది చెట్టు మీద గొడ్డలి పెడితే కేసు. అందుకని ఏది దొరికితే అది, మెత్తకర్రో, వెదురో వేస్తున్నాం. అది ఒక వానాకాలం ఉంటే గొప్ప. దుంగ మధ్యలో ఎప్పుడూ ముందు పాడవదు, గమనించారా? గట్టు మీద మట్టిలో కూరుకున్న కొసలు, తడిసి ఆరి తడిసి ఆరి ముందు కుళ్లిపోతాయి. పైకి నున్నగానే కనిపిస్తుంది. మా తాత గొడ్డలి మడమతో తట్టి చప్పుడు విని చెప్పేవాడు ఏ దుంగ లోపల గుల్లదో. ట్రెసిల్ వంతెనల తనిఖీలో కూడా సుత్తితో తట్టి చూస్తారని క్లాసులో చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా తాతకి డిగ్రీ లేదు, అంతే తేడా. ఇంకో తేడా కూడా ఉంది. రైల్వేలో గుల్ల అని తేలితే మార్చడానికి డబ్బుంటుంది.

లెక్క కూడా వేద్దాం, లెక్క లేకుండా మాట్లాడితే "ఎమోషనల్" అంటారు. మా ఊళ్లో 40 గడపలు. ఇంటికొకరు, మూడు రోజులు. అంటే ఏడాదికి 120 పనిదినాలు. రోజు కూలి 300 అనుకుంటే 36 వేలు. పదేళ్లకి 3 లక్షల 60 వేలు. చేతిలో ఏమీ మిగలని వంతెన కోసం, రాష్ట్రంలోని నిరుపేద జనం ప్రభుత్వానికి పెట్టిన చందా ఇది. పట్నంలో కాలనీ వాళ్లని ఎవరైనా ప్రతి ఏడూ వచ్చి మీ ఫ్లైఓవర్ మీరు కట్టుకోండి అంటారా?

మా పిన్నికి నొప్పులొచ్చింది ఆగస్టులో. డోలీ కట్టారు. డోలీకి ముందొకరు వెనకొకరు, మధ్యలో మనిషి ఊగుతుంటుంది. రెండు దుంగల వంతెన మీద ఆ ఊపు ఆపలేరు, పైగా దుంగలు తడిసి జారుతున్నాయి, నీళ్లు దుంగల్ని తాకుతున్నాయి. గెడ్డ ఒడ్డునే ఆగిపోయారు. నీళ్లు తగ్గడానికి తెల్లారింది. అవతలి ఒడ్డున అంబులెన్సు ఉంది, అది వచ్చి ఎదురుచూసింది కూడా, దాని తప్పు లేదు. పిన్ని బతికింది. పాప బతకలేదు. ఆ ఏడాది వంతెన ఫొటోకి కూడా ఎవరో శభాష్ అనే రాసి ఉంటారు.

వంతెన అడగడానికి వెళ్తే ఏం చెప్తారో మీ అందరికీ కంఠతా వచ్చు. నేను మా ఊరి పెద్దలతో కలిసి ఒక ఆఫీసుకెళ్లాను, పేరు ఎందుకులెండి. మీ ఊరు నిబంధనలకి సరిపోదు అన్నారు. ఏ నిబంధన అని అడిగితే ఫైలు చూడాలన్నారు. సరే, నేనే చూశాను. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానాలకి 500 జనాభా అయితే, షెడ్యూల్డ్ ప్రాంతాలకి 250. కొండ ప్రాంతాల్లో 1.5 కిలోమీటర్ల నడక దూరంలోపు ఉన్న ఆవాసాల జనాభా కలిపి లెక్కేయొచ్చు. మన మూడు గూడేలు కలిపితే ఎంతో ఎవరైనా లెక్కేశారా? 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో పీవీటీజీల ఆవాసాలకి 100 మంది ఉంటే చాలు. కొండరెడ్డి, పోర్జ, గదబ, ఖోందు, సవర, చెంచు ఊళ్ల వాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. మీ ఊరు జాబితాలో ఉందో లేదో అడిగారా?

అది దాటితే అడవి అడ్డం వస్తుంది. "ఫారెస్టు క్లియరెన్సు రావాలమ్మా, ఢిల్లీ నుంచి రావాలి." ఈ మాట నమ్మకండి. మనం పట్టాల కోసం పోరాడి తెచ్చుకున్న 2006 అటవీ హక్కుల చట్టంలోనే సెక్షన్ 3(2) అని ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు, రోడ్లు, ఇలా 13 రకాల పనులకి అటవీ భూమి వాడుకోవచ్చు. ఒక్కో పనికి భూమి ఒక హెక్టారు కంటే తక్కువ ఉండాలి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చెయ్యాలి. అంతే. గెడ్డ మీద వంతెన రోడ్డులో భాగం కాకపోతే ఇంకెందులో భాగం? ఈ సెక్షన్ గురించి మన హక్కుల మీటింగుల్లో కూడా తక్కువ మాట్లాడతాం. వ్యక్తిగత పట్టా ఎన్ని ఎకరాలు అనే దగ్గరే ఆగిపోతాం.

ఇక మనవాళ్లలోనే ఒక వాదన ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అది చెప్పేవాళ్లు మన కోసం జైళ్లకెళ్లినవాళ్లు. "వంతెన వస్తే లారీ వస్తుంది, లారీ వస్తే గనులోడొస్తాడు, రిసార్టోడొస్తాడు. గెడ్డే మనకి రక్షణ" అంటారు. భయం నిజమైనదే. కానీ అన్నా, గనులోడు మన వంతెన కోసం ఎప్పుడు ఆగాడు? వాడు వాడి వంతెన తెచ్చుకుంటాడు. కేకే లైనే సాక్ష్యం కదా. మన ఊళ్లకి రోడ్డు లేకపోయినా ఖనిజానికి రైలొచ్చింది. మన్యంలో పరాయివాళ్ల గనులకి అడ్డుకట్ట వేసింది గెడ్డలు కాదు, 1/70 చట్టం, 1997 సమతా తీర్పు, వాటి వెనక నిలబడ్డ జనం. ఆ జనం కేసుకి కోర్టుకెళ్లాలన్నా, ధర్నాకి పాడేరు వెళ్లాలన్నా గెడ్డ దాటాలి. ఎంత వెడల్పు వంతెన కావాలో గ్రామసభలో మనమే తేల్చుకుందాం. అంబులెన్సు పడితే చాలు, టిప్పర్ అక్కర్లేదు అని రాసుకుందాం. ఆ తీర్మానం రాసే హక్కు 1996 పెసా చట్టం మనకిచ్చింది. అంతేగానీ నీళ్లలో నానే దుంగని కోటగోడ అనుకోవద్దు.

కాంక్రీటు అనగానే అయిపోలేదు, అదీ చెప్పాలి. మీ మండలంలో ఎన్ని కల్వర్టులు చూశారు, స్లాబు చెక్కుచెదరకుండా గెడ్డ మధ్యలో నిలబడి, రెండు పక్కలా రోడ్డు కొట్టుకుపోయినవి? మా క్లాసులో వాటి ఫొటోలు చూపిస్తే మైదానం పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, అందులో ఒకటి మా సంతకెళ్లే దారిలాగే ఉంది. అది ఎందుకు జరుగుతుందంటే, చిన్న పైపులు రెండు పెట్టి పైన కాంక్రీటు పోసేస్తారు. కొండ గెడ్డలో నీళ్లు ఒక్కటే రావు. చెట్లు, మొద్దులు, బండలు వస్తాయి. పైపుల మూతికి అవి అడ్డం పడితే నీళ్లు పక్కదారి వెతుక్కుంటాయి, గట్టు కోసేస్తాయి. కాబట్టి "వంతెన కావాలి" అని మాత్రమే రాసి ఊరుకుంటే పైపులే వస్తాయి. గెడ్డకి ఎంత ఖాళీ వదలాలి, స్లాబు ఎంత ఎత్తులో ఉండాలి, గట్లకి రాతి కట్టుబడి ఉందా, ఇవి అడగాలి. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. అత్యధిక వరద మట్టం కనుక్కోవడానికి ఊరి పెద్దల్ని అడిగి గుర్తులు చూడాలని ఇంజనీర్ల పద్ధతిలోనే ఉంది. ఏ బండ మీదకి నీళ్లొచ్చాయో, ఏ చింతచెట్టు మొదలు మునిగిందో మన అవ్వలకి తెలుసు. వాళ్లని అడగకుండా ఆఫీసులో కూర్చుని డిజైను గీసినందుకే ఆ కల్వర్టులు అలా ఉన్నాయి.

పని అయ్యాక కూడా ఒక తాళం మన దగ్గరుంది. పెసా ప్రకారం పంచాయతీ చేసిన పనులకి నిధుల వినియోగ ధ్రువీకరణ గ్రామసభ ఇవ్వాలి. చాలా ఊళ్లలో ఈ సంతకం ఎవరింట్లోనో కూర్చుని తీసేసుకుంటున్నారు. చదువుకున్న పిల్లలం మనం ఉండి కూడా అడ్డుకోకపోతే ఎవరు అడ్డుకుంటారు?

దసరా సెలవులకి అందరం ఊళ్లకెళ్తాం. ఒక టేపు, ఒక నోటుబుక్కు చాలు. మీ గెడ్డ వెడల్పు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కొలవండి. పెద్దవాళ్లని తీసుకెళ్లి అతి పెద్ద వరద గుర్తు ఎక్కడో చూపించమనండి, ఇప్పటి నీటి మట్టం నుంచి దానికి ఎత్తు కొలవండి. అవతల ఎన్ని గూడేలు, ఎన్ని గడపలు, ఎంతమంది జనం. ఏడాదికి ఎన్ని రోజులు దారి తెగిపోతుంది. ఈ పదేళ్లలో కర్ర వంతెన ఎన్నిసార్లు కట్టారు, ఒక్కోసారి ఎన్ని పనిదినాలు. డోలీలో ఎవరెవర్ని దాటించారు. ఇవి రాసి గ్రామసభ తీర్మానంగా పెట్టించండి, 3(2) సిఫారసు కూడా అదే సభలో చేయించండి, రసీదు తీసుకోండి. కొత్త వంతెన పూర్తయ్యేదాకా పాతది పీకకూడదని కూడా అందులో ఒక వాక్యం రాయించండి. తీర్మానం నమూనా నేను తెలుగులో టైపు చేసి పెట్టాను. కావాల్సినవాళ్లు మీ మండలం పేరు రాయండి, పంపిస్తాను. కొలతలు ఎలా తియ్యాలో తెలియకపోతే ఆదివారం సాయంత్రం ఫోన్లో చెప్తాను, హాస్టల్లో మాకు ఫోన్లిచ్చేది ఆ ఒక్క పూటే.

ఈలోపు ఎవరైనా కర్ర వంతెన ఫొటో పెడితే శభాష్ బదులు ఇది రాయండి: ఇది ఎన్నోసారి?